నివురు గప్పిన నిప్పు



పొయ్యిలోని బూడిదను గూర్చి ఈ పత్రికలో వ్రాయుట ఏమిటని కొందరు అనుకొనవచ్చును. అయితే పల్లెలలో కుటుంబములను దర్శించునప్పుడు పెరటి వైపు కూడ ఒకసారి చూచుట మాకు అలవాటు. 1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము వచ్చి అనేక ఇండ్లకు గ్యాస్ పొయ్యిని తెచ్చినవి. అయినను పెరటిలో కట్టెల పొయ్యి ఇంకను మండుచునే యున్నది. స్నానమునకు నీళ్లు కాచుట, గేదెలకు ఉలవలు ఉడికించుట, పండుగకు పెద్ద గిన్నెలు ఎక్కించుట, ఇవన్నియు దాని మీదనే. సిలిండరు ధర చూచి అన్నము కూడ దాని మీదనే వండుకొనువారు ఉన్నారు. పొయ్యి ఉన్నచోట బూడిద ఉండును. ఆ బూడిద ఎక్కడికి పోవుచున్నది?

"నివురు గప్పిన నిప్పు" అను మాట మనకందరికి తెలియును. కోపము లోపల దాచుకొన్న మనిషిని గూర్చి వాడుదుము. గాని ఆ మాట పుట్టినది పొయ్యి దగ్గరనే. అగ్గిపెట్టెను పొదుపుగా వాడుకొన్న రోజులలో మన అమ్మమ్మలు రాత్రి వంట అయిన పిమ్మట కణికలను బూడిదతో కప్పి పెట్టేవారు. తెల్లవారి బూడిదను ప్రక్కకు జరిపి, ఎండుటాకులు వేసి ఊదితే పొయ్యి అంటుకొనేది. అనగా బూడిద నిప్పును చంపదు, కాపాడును. నిప్పును దాచుటకు పెద్దలు వాడిన బూడిదనే మనము నిప్పు లేని చెత్తగా ఎంచి గంపకెత్తి పారబోయుచున్నాము.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుట మంచిది. బూడిద లోపలి వేడిని బయటికి పోనియ్యదు. గాలిని కూడ కొంచెము కొంచెముగానే లోనికి రానిచ్చును. అందుచేత కణిక త్వరగా కాలిపోదు, త్వరగా ఆరిపోదు, మెల్లమెల్లగా రాజుచుండును. పైన చేయి పెడితే చల్లగానే ఉండును. తుమ్మ, చింత, సరుగుడు వంటి గట్టి కట్టెల కణికలు మరింత కాలము నిలుచును. పిడకల నిప్పు కూడ అంతే. పెద్ద కుప్పలో మూడు నాలుగు దినములైనను నిప్పు బ్రదికి ఉండవచ్చును.

కొన్ని సంవత్సరముల క్రితము మేము సేవ చేయుచున్న ఒక గ్రామములో మే నెల మధ్యాహ్నము ఒక తాటాకు ఇల్లు కాలిపోయినది. మొదట గడ్డివాము అంటుకొన్నది. పడమటి గాలికి మంట వాము నుండి చూరుకు, చూరు నుండి కప్పుకు ప్రాకుటకు ఎంతో సేపు పట్టలేదు. మనుష్యులకు హాని కలుగలేదు గాని, ఆరు బస్తాల ధాన్యము, పెద్దపిల్ల పదవ తరగతి సర్టిఫికెట్లు, కట్టివేసియున్న ఒక దూడ పోయినవి. ఇంటి యజమాని ప్రక్కింటి వృద్ధుని మీద నేరము మోపెను. ఆ పెద్దాయన చుట్ట త్రాగును. "నీ చుట్టముక్కే మా కొంప ముంచింది బాబాయ్" అని అందరి యెదుట అరచెను. "నేను అటు రానే లేదురా అబ్బాయ్" అని పెద్దాయన ఏడ్చెను. ఎవరును నమ్మలేదు.

మంటలార్పుటకు వచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ఇల్లాలిని నెమ్మదిగా అడిగిరి: "బూడిద ఎక్కడ పోస్తారమ్మా?" ఆమె వామునకు పడమర ప్రక్కనున్న పెంటకుప్పను చూపెను. గాలి తూర్పుకు కొట్టినందున మంట దానిని తాకలేదు. "పొద్దున్నే పోశానండీ. అప్పటికే చల్లారిపోయింది, చేత్తోనే ఎత్తాను" అనెను. ఆయన కర్రతో కుప్పను కెలికిరి. కోళ్లు గీరిన గుంట ప్రక్కనే, లోపల, ఎర్రని కణికలు మాకందరికి కనబడినవి.

ఆ సాయంకాలము యజమాని పెద్దాయన గుమ్మములో చాలాసేపు నిలిచెను, మాట రాలేదు. "లోపలికి రారా, మంచినీళ్లు తాగు" అని పెద్దాయనే పిలిచెను. ఆ రాత్రి ఆ కుటుంబమంతయు ఆయన ఇంటనే పండుకొన్నది. అయితే ఇల్లాలిని మాత్రము చాలా దినములు లోకులు మాటలతో కాల్చిరి. ఆమె చేసినది ఆ ఊరిలో ప్రతి ఇంట జరుగుచున్నదే. ఎవరును ఆమెకు ముందుగా చెప్పలేదు. అందుకే మేమిది వ్రాయుచున్నాము.

పాత నిబంధనలో బలిపీఠపు బూడిదకు కూడ ఒక క్రమమున్నది. నిర్గమకాండము 27వ అధ్యాయము ప్రకారము బూడిద ఎత్తు కుండలు ఇత్తడివి. లేవీయకాండము 6వ అధ్యాయములో యాజకుడు ఆ బూడిదను పాళెము వెలుపలికి మోసికొనిపోవలెనని యున్నది. అది ఆరాధనకు సంబంధించిన ఆజ్ఞ. అయినను లోహపు పాత్ర, నివాసములకు ఎడమైన చోటు, ఈ రెండును మన పెరటికి కూడ సరిపోవును.

మొదట పాత్ర సంగతి. ఇనుప బకెట్టు గాని పాత ఇనుప డబ్బా గాని, దానికి ఇనుప మూత ఉండవలెను. గోనెసంచి, ప్లాస్టిక్ తట్ట, వెదురు గంప, అట్టపెట్టె పనికిరావు. సత్తు గిన్నె కూడ వద్దు. తడి బూడిదలోని క్షారము దానిని తినివేయును. బకెట్టును రెండు ఇటుకల మీద, ఇంటికి, వామునకు, కట్టెల మోపునకు కనీసము పది అడుగుల దూరమున ఉంచుడి. వసారాలోను పశువుల పాకలోను పెట్టకుడి. కణికలున్న బూడిదను గాని కుంపటిని గాని తలుపులు మూసిన గదిలో ఉంచరాదు. దాని నుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వచ్చును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రించువారు మరల లేవకపోవచ్చును.

బూడిదను మూతపెట్టి నాలుగు దినములు ఆ బకెట్టులోనే ఉంచుట మేలు. త్వరగా పారవేయవలసి వచ్చినచో నీళ్లు చల్లి, కర్రతో కలిపి, మరల చల్లవలెను. ఒక్కసారిగా చెంబెడు నీళ్లు గుమ్మరించితే ఆవిరి, వేడి బూడిద ముఖము మీదికి లేచును. కాబట్టి కొంచెము ఎడముగా నిలిచి, కొద్దికొద్దిగా పోయుడి. వేడి మట్టిపొయ్యిలో నీళ్లు పోయకుడి, పొయ్యి పగులును. వేసవిలో గాలి లేవకముందే ఈ పని ముగించుడి. పిల్లలు వట్టి కాళ్లతో తిరుగు చోట బూడిద పోయకుడి. ఎవరికైనను కాలినచో ఇరువది నిమిషములు మంచినీళ్లు ధారగా పోయుడి. సిరా, టూత్‌పేస్టు, బూడిద పూయకుడి. అగ్నిప్రమాదమునకు 101, అంబులెన్సుకు 108 నంబర్లను పిల్లలకు కూడ నేర్పించుడి.

చల్లారిన బూడిద పారవేయదగినది కాదు. అందులో పొటాషు, సున్నము ఉన్నవి. నత్రజని మాత్రము పొగతో పోయినది. బీర, సొర, గుమ్మడి పాదుల చుట్టు పలుచగా చల్లవచ్చును. విత్తనపు పెసలలో, కందులలో పొడి బూడిద కలుపుట మన పెద్దల అలవాటు. పుచ్చు పురుగును అది అడ్డగించును. అయితే యూరియాతో కలుపకుడి, దానిలోని సత్తువ వాయువుగా పోవును. చౌడు నేలలో వేయకుడి, చౌడు ఇంకను పెరుగును. బావి దగ్గర, కాలువలో పోయకుడి. ప్లాస్టిక్ సంచులు, రంగు వేసిన చెక్కలు కాల్చిన బూడిదను మొక్కలకు గాని గిన్నెలు తోముటకు గాని వాడరాదు. అసలు వాటిని పొయ్యిలో వేయకుండుటే మంచిది.

సహోదరులారా, బూడిద ఎత్తుట స్త్రీల పని అని మీరు ఊరకుండకుడి. మూతగల ఇనుప బకెట్టు తెచ్చుట, వామును పొయ్యికి దూరముగా వేయుట మీ చేతిలోని పని. ఈ వారమే చేయుడి. ఇంటిలో చదువురాని పెద్దమ్మలు ఉన్నట్లయితే ఈ పుటను వారికి చదివి వినిపించుడి. నిప్పును కప్పి పెట్టిన చేతులు వారివి గనుక, మనకంటె త్వరగా వారే గ్రహింతురు.