బోధను బాటలో పసుపు దీపం

నిజామాబాదు అనగానే తెలిసినవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది పసుపు. పసుపు పంట రోజుల్లో మార్కెట్ యార్డు పక్కనుంచి పోతే ఆ ఘాటు బట్టలకు పట్టుకొని ఇంటిదాకా వస్తుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం ఈ ఊళ్ళోనే వెలిసింది. కాని మొన్నటి నా ప్రయాణంలో నన్ను వేధించిన పసుపు వేరు. అది మా మామగారి పాత జీపు ముఖం మీద, స్పీడు చూపించే ముల్లు పక్కన వెలిగే ఒక చిన్న దీపం. ఇంజను బొమ్మ ఆకారంలో ఉంటుంది. రెండు నెలలుగా ఆరలేదట.

ఆ దీపం వెనక ఒక కుటుంబ వ్యవహారం ఉంది. అది చెప్పకపోతే ఈ ప్రయాణం కథ మీకు అర్థం కాదు.

మా మామగారు బోధను చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి, 2002లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకొన్నారు. ఆ డబ్బుతో నిజామాబాదులో చిన్న ఇల్లు కట్టుకొన్నారు. రుద్రూరు దగ్గర నాలుగెకరాల పొలం ఉంది. కాలువగట్టు మీద బురదలో పోవడానికి వీలుగా ఒక ఫోర్ వీల్ డ్రైవ్ డీజిలు జీపును, 2014లో హైదరాబాదులో రిజిస్టరైన దాన్ని, చేతులు మారాక కొనుక్కొన్నారు. పక్కింటి కుర్రవాడు నడుపుతాడు, ఈయన పక్కన కూర్చుంటారు. అత్తగారు పోయిన తరువాత ఆయనకు మిగిలిన కాలక్షేపం ఆ పొలమూ, ఆ జీపూనే.

ఇప్పుడా జీపు గట్టెక్కడం మానేసింది. గట్టిగా తొక్కితే నీరసపడి, ఇరవై కిలోమీటర్ల వేగంతో మూలుగుతూ పోతుంది. పట్నంలో ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోతే, అయిదు నిమిషాలు చూసి, "పెద్ద పంపు పోయింది, మార్చాలి, లక్ష దాటుతుంది" అన్నారట. పాత బండికి లక్ష పెట్టడం ఎవరికి మనసొప్పుతుంది? మా ఆవిడ వెంటనే తీర్పు చెప్పేసింది. "జీపు అమ్మేద్దాం బాపూ. పొలం కౌలుకిచ్చెయ్యి. మాతో హైదరాబాదు వచ్చెయ్యి."

ఆయన ఏమీ అనలేదు. "ఒక్కసారి కందకుర్తి పోయొద్దాం. అటెంక మీ ఇష్టం" అన్నారు, అంతే.

అందుచేత ఒక శనివారం ఉదయం మేం ముగ్గురం అదే జీపులో బయలుదేరాం. నా జేబులో అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దదైన ఒక పరికరం ఉంది. స్టీరింగు కింద చెయ్యి పెట్టి వెతికితే పదహారు రంధ్రాల ప్లగ్గు ఒకటి తగులుతుంది. అందులో దీన్ని గుచ్చితే, ఇంజనులోని కంప్యూటరు తన బాధ ఏమిటో మన సెల్‌ఫోనుకు చెబుతుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకూ ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దేశంలో భారత్ స్టేజి 4 బండ్లకు 2013 నుంచి పూర్తిస్థాయిలో అమలైంది. పొగ ఎక్కువ వదలకుండా కాపలా కాయడం దాని అసలు ఉద్దేశం. రోగం కనిపెట్టడం దానివల్ల మనకు ఒరిగిన లాభం.

బయలుదేరే ముందే చదివి చూశాను. రెండు కోడ్లు వచ్చాయి: పి0562, పి0087.

ఈ అంకెల్లో ఒక క్రమం ఉంది. మొదటి అక్షరం 'పి' అయితే ఇంజనూ గేర్లకు సంబంధించిన తగాదా, 'సి' అయితే బ్రేకులూ చక్రాలూ ఉన్న అడుగు భాగానిది, 'బి' అయితే పై బాడీది, 'యు' అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం. తరువాతి అంకె సున్న అయితే ఏ కంపెనీ బండికైనా ఒకటే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత భాష. పి0562 అంటే కరెంటు తక్కువైంది అని. పి0087 అంటే ఇంధనం రైలులో ఒత్తిడి చాలినంత లేదు అని. రైలంటే పొగబండి కాదు సుమండీ! ఇంజను నెత్తిన ఉండే లావుపాటి ఉక్కు గొట్టం. పంపు డీజిలును అందులోకి వందల బార్ల ఒత్తిడితో తోస్తుంది. బండి బరువు లాగేటప్పుడు అది వెయ్యి దాటుతుంది. అక్కడినుంచి సన్నని సూదుల్లాంటి ఇంజెక్టర్లు సిలిండర్లలోకి చిమ్ముతాయి.

కోడ్లను కాగితం మీద రాసుకొని చెరిపేశాను. రాసుకోకుండా చెరపడం వైద్యుడు చీటీ చింపేయడంలాంటిది. చెరిపాక ఏది మళ్ళీ వస్తుందో అదే ఇప్పటి జబ్బు, రానిది పాత గాయం.

నిజామాబాదు నుంచి బోధను పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటేముందు వెనక్కి తిరిగితే ఇందూరు కోట గుట్ట కనిపిస్తుంది. ఈ ఊరి పాత పేరు ఇందూరే. కోటమీద రఘునాథాలయం ఉంది. జానకంపేట దాటాక దారికి రెండువైపులా పచ్చదనం పరుచుకొంటుంది. ఇదంతా నిజాంసాగరు చలవ. మంజీర నదిమీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళ కబురు విని కృష్ణా, గుంటూరు ప్రాంతాలనుంచి రైతులు వచ్చి పొలాలు కొనుక్కొన్నారు. వాళ్ళు దిగిన చోట్లకు ఈనాటికీ 'క్యాంపు'లనే పేరు. ఒక క్యాంపులో గోదావరి జిల్లాల యాస, పక్క ఊళ్ళో అచ్చమైన ఇందూరు తెలుగు, సంతలో ఉర్దూ, సరిహద్దు దగ్గర మరాఠీ!

ఒకప్పుడు ఈ దారి పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరేవని మామగారు చెప్పారు. ఇప్పుడెక్కువగా వరే కనిపించింది. ధాన్యం లారీ ఒకటి ముందు పోతూంటే, దాటుదామని గట్టిగా తొక్కాను. అంతే! జీపు ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. పసుపు దీపం వెలిగింది. వెనకనుంచి బస్సువాడు హారను మోగిస్తూంటే పక్కకు లాగి ఆపాను.

"చూశారా!" అంది మా ఆవిడ. ఆ మాటలో విచారమూ, గెలుపూ రెండూ ఉన్నాయి.

ఫోను చూశాను. ఈసారి పి0087 ఒక్కటే. కరెంటు కోడు రాలేదు, అది వానాకాలంలో బ్యాటరీ దిగిపోయిననాటి జ్ఞాపకం కాబోలు. కోడుతోపాటు ఆ క్షణంలో ఇంజను పరిస్థితి కూడా కంప్యూటరు ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. దీపం వెలిగింది నిలకడగా ఉన్నప్పుడు కాదు, పూర్తి బరువు మీద ఉన్నప్పుడు. బండి ఆపి, అలాగే ఇంజను నడుస్తూండగా ఒత్తిడి అంకెలు చూశాను. కావలసింది సుమారు మూడు వందల బార్లు, ఉన్నదీ అంతే. మెల్లగా రోడ్డెక్కి తొక్కితే కావలసింది వెయ్యి దాటింది, ఉన్నది ఆరు వందల దగ్గరే చతికిలబడింది.

"పంపే పోయినట్టుంది మామయ్యా" అన్నాను.

ఆయన అప్పటిదాకా కిటికీలోనుంచి వరిచేలు చూస్తున్నారు. "ఉన్నచోట కూర్చుంటే పంపు మంచిగనే ఉన్నదా?" అన్నారు.

"ఉంది."

"పనిచెప్తేనే పడిపోతున్నది. అంతేనా?"

"అంతే."

"అల్లుడుగారూ, జర ఆగుండ్రి. పంపు నీళ్ళు తోస్తలేదంటే పంపు చెడ్డదని ఎవ్వలన్నరు? దానికి నీళ్ళు అందుతున్నయా లేదా ముందుగాల చూడాలె."

ఆయన బాయిలరు కథ ఒకటి చెప్పారు. బాయిలరుకు నీళ్ళు తోసే పంపు ఉంటుంది. ఒత్తిడి ముల్లు పడిపోగానే కొత్తగా వచ్చిన ఇంజనీర్లు పంపు విప్పమనేవారట. పాతవాళ్ళు మాత్రం పంపు వెనక్కి నడిచేవారు. జల్లెడ మూసుకుపోయిందా, పీల్చుకొనే గొట్టంలోకి ఎక్కడైనా గాలి దూరుతోందా అని చూసేవారు. "ముల్లు నొప్పి ఎక్కడున్నదో చెప్తది, రోగం ఏందో చెప్పది" అన్నారు.

నేను ఫోను జేబులో పెట్టుకొన్నాను.

ఇరవై కిలోమీటర్ల వేగంతో మూలుగుతూనే బోధను చేరాం. పాత ఊరు. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన ఇదేనని చరిత్రకారులంటారు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. బండెడు అన్నం తోలుకుపోయిన భీముడికి ఏ కోడూ అడ్డురాలేదు!

బస్టాండుకు కొంచెం ఎడంగా, వేపచెట్టు కింద ఒక డీజిలు మెకానిక్కు దుకాణం ఉంది. రేకుల నీడ, నల్లబడ్డ బల్ల, టీ గ్లాసులు. దుకాణదారు నడివయసువాడు. మామగారి మాట పూర్తిగా విని, "సాబ్ సహీ బోల్ రహే" అని లేచాడు. పని ఒక వరుసలో చేశాడు.

ముందు డీజిలు ఫిల్టరు అడుగున మర విప్పాడు. నాలుగు చుక్కల నీళ్ళు వచ్చాయి, అంత దోషం కాదు. తరువాత ఫిల్టరుకూ పంపుకూ మధ్య అరచేతి పొడవు పారదర్శకమైన గొట్టం తగిలించి ఇంజను నడిపించాడు. ఊరికే నడుస్తూంటే డీజిలు నిలకడగా పోయింది. యాక్సిలరేటరు తొక్కగానే బుడగలు! సోడా సీసాలో లేచినట్టు బుడగలు. అంటే ఎక్కడో గాలి దూరుతోంది.

ఎక్కడ? దానికీ ఒక ఉపాయం ఉంది. ట్యాంకునుంచి వచ్చే గొట్టం ఊడదీసి, ఒక డబ్బాలో శుభ్రమైన డీజిలు పోసి, అందులోనుంచి నేరుగా ఫిల్టరుకు గొట్టం పెట్టాడు. తొక్కమన్నాడు. తొక్కాను. బుడగల్లేవు! ఫోనులో అంకెలు చూస్తే, కంప్యూటరు ఎంత అడిగితే పంపు అంతా ఇస్తోంది. దుకాణం వెనక ఉన్న దిబ్బమీదికి డబ్బా పట్టుకొనే ఎక్కించి చూశాం. ముల్లు కదల్లేదు, దీపం వెలగలేదు.

పంపు నిర్దోషి. దోషి ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్యనే ఉంది.

బండికింద దూరి వెతికితే, చట్రం పక్కన క్లిప్పు దగ్గర రబ్బరు గొట్టం ఎండి, గోటిగీతంత చీలి ఉంది. కారితే ఎప్పుడో దొరికిపోయేది. కాని ఈ బండి ట్యాంకులో వేరే పంపు లేదు. ఇంజను పంపే డీజిలును పీల్చుకోవాలి. పీల్చే గొట్టం చీలితే బయటికి కారడం కంటె లోపలికి గాలి పీల్చడమే ఎక్కువ. నెమ్మదిగా నడిస్తే పీల్చుడు తక్కువ, గాలీ తక్కువ. గట్టిగా తొక్కితే రెండూ ఎక్కువ. అందుకే ఇంటిముందు మంచిగా ఉండి, గట్టుమీద మొరాయించింది.

మూరెడు గొట్టం, రెండు క్లిప్పులు, ఒక కొత్త ఫిల్టరు. మెకానిక్కు కూలితో కలిపి రెండు వేలు దాటలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం అతను చేశాడు, మీకూ చెబుతున్నాను. ఈ వెతుకులాటంతా పంపుకు ఇవతలి గొట్టాలదే. పంపుకు అవతలి ఉక్కు గొట్టాలను ఇంజను నడుస్తూండగా ఎవరూ వదులు చెయ్యకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిలు సూదిలా చర్మంలోకి దిగుతుంది.

మళ్ళీ బయలుదేరాక మామగారు, "శక్కర్‌నగర్ దిక్కు మళ్ళించుండ్రి" అన్నారు.

1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటది. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర. ఊరికి ఊరే దానికోసం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూశారు. మేం వెళ్ళేసరికి గేటు ముందు ఎండ తప్ప ఎవరూ లేరు. పొగ రాని పొగగొట్టాన్ని మామగారు తల ఎత్తి చూశారు.

"సీజన్ల ఈ గాలంత బెల్లం వాసన. రాత్రి డ్యూటీ దిగొస్తే మీ అత్త నన్ను ఇంట్లకు రానిచ్చేది కాదు, ముందు స్నానం చెయ్యమనేది" అని నవ్వారు. కాసేపాగి, "దీన్ని గూడ ఎవ్వలన్న ఎనకకెల్లి చూసి ఉంటే బాగుండు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. జీపుకు తేలిగ్గా దొరికిన గొట్టం అంత పెద్ద ఫ్యాక్టరీకి ఎక్కడ చీలిందో చెప్పగలవాణ్ణి కాను.

కందకుర్తి చేరేసరికి పొద్దు వాలింది. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. మహారాష్ట్రలోనుంచి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. హరిద్ర అంటే పసుపే కదా! పొద్దుటినుంచీ వెంటాడిన రంగు నదికి కూడా ఉందనిపించి నవ్వొచ్చింది. నది మధ్య పాత రాతి శివాలయం ఒంటరిగా నిలబడి ఉంది. వరదలొస్తే మునుగుతుంది, తీస్తే తేలుతుంది. మామగారు అత్తగారి పేరు తలుచుకొని మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలారు.

తిరుగు దారిలో రేవునుంచి పైకి వచ్చే ఎత్తు ఒకటి ఉంది. మట్టిబాట, మెత్తని ఇసుక. నేను బిగబట్టి తొక్కాను. జీపు గుర్రంలా ఎక్కింది. స్పీడు ముల్లు పక్కన చీకటి, దీపం లేదు.

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఇందూరు దీపాలు కనిపించాక మెల్లగా అడిగింది. "బాపూ, ఈసారి ఎకరంలోనైనా చెరుకు పెడతావా, మొత్తం వరేనా?"

ఆయన జవాబు చెప్పకుండా నా వైపు తిరిగారు. "ఆ డబ్బీ నాకు ఇచ్చిపోండ్రి అల్లుడుగారూ. దీపం ఎలిగితే పిల్లగాడు చదువుతడు, నేను ఎనకకెల్లి చూస్త."

పరికరం ఆయనకే ఇచ్చి వచ్చాను. జీపు అమ్మే మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.