మడమ మీద బొడిపె

పిల్లలూ! చదవటం ఒక్క నిమిషం ఆపి, మీ మడమ వెనుక కాస్త పైగా బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకుని చూడండి. పిక్కనుంచి కిందికి దిగే గట్టి తాడు ఒకటి చేతికి తగులుతుంది. మునివేళ్ళమీద లేచి నిలబడితే అది ఇంకా బిగుసుకుంటుంది. పిక్కలోని కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు అది. మన శరీరంలో ఇటువంటి తాళ్ళు చాలా ఉన్నాయిగాని, అన్నిటిలోకీ లావైనది ఇదే. మీరు పరుగెత్తినా, గెంతినా, మెట్లెక్కినా పాటుపడేది ఇదే.

వైద్యులు దీనికి పెట్టిన పేరు అకిలిస్ తాడు. అకిలిస్ అనేవాడు గ్రీకుల కథలో మహావీరుడు. పసివాడుగా ఉన్నప్పుడు తల్లి వాణ్ణి మడమ పట్టుకుని ఒక మహిమగల నదిలో ముంచిందట. నీరు తగిలిన ఒళ్ళంతా వజ్రమైపోయింది. ఆమె చెయ్యి అడ్డుపడిన మడమ మాత్రం మామూలుగానే ఉండిపోయింది. చివరకు బాణం వచ్చి అక్కడే తగిలింది. మన కృష్ణుడికి కూడా బోయవాడి బాణం పాదానికే కదా తగిలింది!

ఈ తాడు ఎముకకు అతుక్కునే చోట, తాడుకూ ఎముకకూ మధ్య, ఒక చిన్న తిత్తి ఉంటుంది. అందులో కొంచెం జారుడు ద్రవం ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎటువంటిదో, తాడుకు ఈ తిత్తి అటువంటిది. తాడు ఎన్నిసార్లు కదిలినా ఎముకను ఒరుసుకోకుండా ఇది కాపాడుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మా మనవడి కాలు గురించి మీకు చెప్పాలి గనుక.

మా అమ్మాయి కెనడాదేశంలో కాల్గరీ నగరంలో కాపురముంటున్నది. హెడ్మాస్టరు పని మాని ఇంట్లో కూర్చున్నాక, ఒక చలికాలం నేను అక్కడికి వెళ్ళాను. అక్కడ చలి సంగతి ఏం చెప్పను! సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయిన రోజులున్నాయి. మనం ముసుగుతన్ని పడుకునే ఆ చలిలో అక్కడి పిల్లలు ఆటకు బయలుదేరుతారు.

ఆట హాకీయే గాని, మనం పచ్చికమీద ఆడేది కాదు. గడ్డకట్టిన మంచుమీద ఆడేది. ఆట స్థలం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. బంతికి బదులు రబ్బరు బిళ్ళ. అది 3 అంగుళాల వెడల్పూ, అంగుళం మందమూ ఉంటుంది. ఆటగాళ్ళ బూట్ల అడుగున ఉక్కు పలకలు నిలువుగా బిగించి ఉంటాయి. వాటినే స్కేట్లు అంటారు. పూర్వం ఉత్తర ఐరోపా ప్రజలు పశువుల ఎముకలను కాళ్ళకు కట్టుకుని మంచుమీద జారేవారు. 1875 మార్చి 3న మాంట్రియల్ నగరంలో పైకప్పు కింద మొట్టమొదటి హాకీ పోటీ జరిగింది. ఇప్పటి బూటు పెట్టెలాగా గట్టిగా ఉంటుంది. అట్లా ఉండక తప్పదు. సన్నని ఉక్కు అంచుమీద ఒరిగి మలుపు తిరగాలంటే కాలూ బూటూ ఒకటే అయిపోవాలి. బూటు మెత్తగా ఉంటే చీలమండ మడతపడి మనిషి పడిపోతాడు.

మా మనవడికి పదకొండేళ్ళు. ఆటంటే ప్రాణం. నేను వెళ్ళిన వారంలోపలే ఒక సంగతి కనిపెట్టాను: వాడు ఇంట్లో మెట్లు దిగేటప్పుడు కుడికాలు మడమ ఆన్చటం లేదు. బయటికి వెళ్ళేటప్పుడు మామూలు బూటు వెనుక భాగాన్ని తొక్కి, చెప్పులాగా ఈడ్చుకుంటూ పోతున్నాడు. ముప్పైయేళ్ళు బడిలో పనిచేసినవాడికి పిల్లల కాళ్ళు చూడటం ఒక అలవాటు. పంద్రాగస్టు నాడు కొత్త బూట్లతో వచ్చి కుంటేవాళ్ళను ఎంతమందిని చూడలేదు!

ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని, "ఏదీ, మేజోడు తియ్యి," అన్నాను. మడమ వెనుక కుంకుడుకాయంత బొడిపె. ఎర్రగా, వెచ్చగా ఉన్నది. పైన మానీ మానని బొబ్బ, దాని మీద అంటించిన పట్టీ.

"తాతయ్యా, అమ్మకు చెప్పకు. ఆట మానిపించేస్తుంది. కొత్త బూట్లు చాలా ఖరీదు. ఇవి కొని రెండు నెలలు కూడా కాలేదు," అన్నాడు వాడు.

"అమ్మ మానిపిస్తే కొద్దిరోజులు మానిపిస్తుంది. చెప్పకపోతే కాలే మానిపిస్తుంది. ఎన్నాళ్ళు మానిపిస్తుందో ఎవరూ చెప్పలేరు. నేను పక్కన కూర్చుంటాను, నువ్వే చెప్పు," అన్నాను.

వాడు అరగంట గింజుకున్నాడు. చివరకు చెప్పాడు. మా అమ్మాయి నెత్తుటి మరకలున్న మేజోడును చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పెరిగే పిల్లాడు, రెండేళ్ళన్నా రావాలని ఒక సైజు పెద్దవి తీసుకున్నాం, నాన్నగారూ," అన్నది. అవి ఎవరో పిల్లవాడు కొన్నాళ్ళు వాడి అమ్మిన బూట్లు. ఒదులు తెలియకుండా మా వాడు రెండేసి మేజోళ్ళు తొడిగేవాడు.

అమ్మానాన్నలు అందరూ చేసేదే ఇది. చొక్కా పెద్దదైతే చేతులు మడుచుకోవచ్చు. లాగు పెద్దదైతే బొత్తాము జరుపుకోవచ్చు. బూటును ఎక్కడ మడుస్తారు?

కొత్త చెప్పు కాలు "కరిచింది" అంటాం మనం. ఎంత చక్కని మాట! బూటు ఎట్లా కరుస్తుందో చూడండి. మడమ బూటులో కదలకుండా కూర్చుంటే రాపిడే లేదు. ఒదులైతే అడుగు తీసినప్పుడల్లా మడమ పైకి లేచి, మళ్ళీ కిందికి జారుతుంది. గట్టి బూటుకూ ఎముకకూ మధ్య చర్మం నలుగుతుంది. మొదట ఎరుపు, తరవాత బొబ్బ. అప్పటికీ ఆడుతూనే ఉంటే లోపలి తిత్తి వాస్తుంది. నెలల తరబడి ఇదే జరిగితే ఆ చోట గట్టిపడి బొడిపె నిలిచిపోతుంది. కాడి మోసే ఎద్దు మెడ చూశారా? రాపిడి తగిలే చోట చర్మం మందమై కాయ కాస్తుంది. అది శరీరం తనను తాను కాపాడుకోవటానికి చేసే పనే. కాని బూటులో ఒక చిక్కున్నది. బొడిపె పెరిగినకొద్దీ ఆ చోట బూటు ఇరుకవుతుంది, ఇరుకైనకొద్దీ రాపిడి, రాపిడికొద్దీ బొడిపె.

మడమ ఎముక వెనుక ఇట్లా వచ్చే బొడిపెను 1928లో స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు పాట్రిక్ హగ్లుండ్ వర్ణించాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే వాడతారు. హాకీ ఆడేవారికే కాదు, వెనుకభాగం గట్టిగా ఉండే బూట్లు వేసుకునే స్త్రీలకూ ఇది వస్తుంది. కొందరికి ఎముక ఆకారమే అట్లా ఉంటుంది. అటువంటివారికి మరీ త్వరగా వస్తుంది.

మర్నాడు డాక్టరుగారు ముందుగా మా వాడి మడమను రెండు పక్కలనుంచీ నొక్కి చూశారు. ఎందుచేతనంటే, ఎదిగే పిల్లల మడమ ఎముకలో ఇంకా గట్టిపడని మృదువైన భాగం ఒకటి ఉంటుంది. ఎక్కువగా గెంతి పరుగెత్తితే అక్కడ నొప్పి పుడుతుంది. దానిని 1912లో సీవర్ అనే అమెరికా వైద్యుడు వర్ణించాడు. అది ఎదుగుదల పూర్తయ్యాక తానే పోతుంది. మా వాడికి పక్కలు నొక్కితే నొప్పి లేదు, వెనుక నొక్కితేనే కెవ్వుమన్నాడు. అందుచేత తప్పు బూటుదే అని తేలింది. రెండువారాలు స్కేట్లు తొడగవద్దనీ, రోజూ మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టమనీ, బొబ్బను చిదపవద్దనీ చెప్పారు. "వాపు తీస్తుంది. గట్టిపడినంత మేర మాత్రం మిగిలిపోవచ్చు. ముందు బూటు సంగతి చూడండి," అన్నారు. కత్తి మాట ఎత్తలేదు. ఏ ఉపాయమూ పనిచేయని పెద్దవారికి మాత్రమే కొన్నిసార్లు శస్త్రచికిత్స చేస్తారట.

నాకు అన్నిటికన్నా నచ్చినది బూట్ల దుకాణం. అక్కడి మనిషి మా వాణ్ణి నిలబెట్టి రెండు పాదాలూ కొలిచాడు. కూర్చున్నప్పటికన్నా నిలబడినప్పుడు పాదం పొడవుగా ఉంటుంది. రెండు పాదాలూ సమానంగా ఉంటాయనుకోకండి! స్కేటు బూటు సైజు మామూలు బూటుకన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుందని అక్కడే తెలిసింది. సరిపోయిన బూట్లను చిన్న పొయ్యిలో కొద్ది నిమిషాలు వెచ్చజేసి, వాడి కాళ్ళకు తొడిగి, పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాడు. వేడికి మెత్తబడిన బూటు వాడి కాలి అచ్చు పడుతుంది. ఇంకొకరి కాలి అచ్చు పడిన పాత బూటు మా వాణ్ణి ఎందుకు కరిచిందో తెలిసిందా?

బూటు చల్లారాక బొడిపెమీద లిప్‌స్టిక్ రాశాడు! నేను నవ్వాను. కాలు బూటులో పెట్టి తీసేసరికి లోపల ఎర్రని చుక్క పడింది. ఆ చుక్క దగ్గర మళ్ళీ వేడిచేసి, ఒకవైపు ఇనుపగుండూ మరొకవైపు వలయమూ ఉన్న పట్టకారుతో నొక్కాడు. అక్కడ చిన్న గుంట పడింది. బొడిపెకు చోటు దొరికింది.

ఇంటికి వచ్చాక మందపాటి ఉన్నిగుడ్డను గుండ్రంగా కత్తిరించి, మధ్య రంధ్రం చేసి, బొడిపె చుట్టూ అంటించాం. బొడిపె మీద కాదు, చుట్టూ. నీళ్ళబిందె తలను ఒత్తకుండా మన ఆడవాళ్ళు పెట్టుకునే చుట్టకుదురు వంటిదే ఇది. అమ్మాయి చూసి, "మా అమ్మమ్మ తలమీద చూశాను దీన్ని," అన్నది.

బూటు తొడిగాక మడమను నేలకు రెండుసార్లు తాటించి వెనక్కు ఆనించాలి. అప్పుడే తాళ్ళు బిగించాలి. వేళ్ళ దగ్గర ఒదులుగా, చీలమండ దగ్గర బిగువుగా. మరీ బిగిస్తే ముందువైపు, పాదం వంగే చోట, ఇంకో నొప్పి మొదలవుతుంది. మేజోడు పలచనిది, ఒక్కటే. ఆట అయ్యాక బూటును సంచిలో కుక్కకుండా ఆరబెట్టాలి. మీలో చక్రాల స్కేట్లు తొడిగేవాళ్ళకూ, క్రికెట్ బూట్లు తొడిగేవాళ్ళకూ ఈ సంగతులు చాలావరకు పనికివస్తాయి.

మూడోవారంలో మా వాడు మళ్ళీ మంచుమీదికి దిగాడు. మొదటిరోజు పావుగంట, తరవాత అరగంట. వాపు తీసింది. బొడిపె కుంకుడుకాయనుంచి శనగగింజంత అయింది, అక్కడే ఆగింది. వాడు ఇప్పుడు నెలకొకసారి గోడకు మడమ ఆనించి, కాగితంమీద నిలబడి, పాదం చుట్టూ పెన్సిలు గీత గీయించుకుని తేదీ వేస్తున్నాడు. నిన్న అమ్మాయి మూడు కాగితాలను ఒకదానిమీద ఒకటి పెట్టి ఫోటో పంపింది. కుడిపాదం గీత వడ్లగింజంత ముందుకు జరిగింది.