ఏడో గాడి

సర్పెంటైన్ బెల్ట్ అన్న మాటలోనే పాముంది. బానెట్ ఎత్తి, ఇంజనుకీ పక్క గోడకీ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి చూస్తే కనపడుతుంది. అడుగున క్రాంక్ పుల్లీని చుట్టి, ఏసీ కంప్రెసర్ మీదుగా పాకి, ఆల్టర్నేటర్‌కి ఎక్కి, వాటర్ పంపుని వీపుతో రాసుకుంటూ, పవర్ స్టీరింగ్ పంపు చుట్టూ తిరిగి మళ్ళీ కిందికి దిగే ఒకే ఒక్క నల్లటి రబ్బరు పట్టీ. చిత్రకవిత్వంలో నాగబంధం చూసినవాళ్ళకి ఈ బొమ్మ కొత్త కాదు. అక్కడ చుట్టలు ఒకదాన్నొకటి దాటే చోట పడ్డ అక్షరం రెండు వైపులా పనికి రావాలి. ఇక్కడ పట్టీ లోపలి ముఖమూ పనిచెయ్యాలి, వీపూ పనిచెయ్యాలి.

ఇదివరకటి కార్లలో రెండు మూడు వీ-బెల్టులు విడివిడిగా ఉండేవి. ఒకటి తెగితే దానికి కట్టిన పని మాత్రం ఆగేది. 1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్‌తో ఈ ఒంటి బెల్టు పద్ధతి అమెరికన్ రోడ్ల మీదకి వచ్చింది. చోటు కలిసొచ్చింది, బరువు తగ్గింది. కానీ ఇప్పుడు తెగితే అన్నీ ఒకేసారి పోతాయి. డాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం వెలుగుతుంది, స్టీరింగ్ బండరాయిలా బరువెక్కుతుంది, మా కారులాంటి వాటిలో వాటర్ పంపు కూడా ఆగిపోయి కొద్ది నిమిషాల్లో ఇంజను మరిగిపోతుంది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా ఆవిడది ఆస్పత్రి ల్యాబులో సాయంత్రం షిఫ్టు. రోజూ 75వ నంబరు హైవే మీద ముప్పయ్యైదు మైళ్ళు పోవాలి, అర్ధరాత్రి దాటాక అంతే దూరం ఒక్కతే వెనక్కి రావాలి. అప్పటికి తనకి ఏడో నెల. ఫిబ్రవరి చలిలో కారు స్టార్టు చేస్తే కీ అని సన్నటి అరుపు మొదలైంది. మొదట్లో అర నిమిషం ఉండి ఆగేది. తర్వాత పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా. "నాకంటే ముందు ఇది నొప్పులు పడేట్టుంది," అంది తను.

కారు 2009 నాటి జపనీస్ సెడాన్. వీసా తేలక ఇండియా వెళ్ళిపోతున్న ఒకన్న దగ్గర కొన్నది. ఆయన పద్ధతైన మనిషి. తాళంచెవితో పాటు ఒక ఫైలు కూడా ఇచ్చాడు, ఆయిల్ మార్చిన బిల్లులు తేదీల వారీగా, పంచింగ్ చేసి. అందులో బెల్టు మార్చిన బిల్లు కూడా ఉంది. మార్చి ఎంతో కాలం కాలేదు. మరి ఎందుకు అరుస్తోంది?

దీనికో చిన్న పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా, చెయ్యి దూరంగా పెట్టి, స్ప్రే బాటిల్‌తో బెల్టు గీతల వైపు కాసిని నీళ్ళు చల్లాలి. అరుపు ఆగి, కొన్ని సెకన్లకి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. నీళ్ళు పడగానే అరుపు పెరిగితే బెల్టు జారుతోందని అర్థం. మాది పెరిగింది.

దుకాణాల్లో బెల్టు మీద కొట్టే జిగురు స్ప్రే ఒకటి అమ్ముతారు. ఆ మాట ఫోన్లో నాన్నతో అన్నాను. నాన్న పాతికేళ్ళు తణుకు దగ్గర ఒక రైసు మిల్లులో ఇంజను డ్రైవరు. డీజిల్ ఇంజను నుంచి షాఫ్టుకీ, షాఫ్టు నుంచి హల్లర్లకీ జానెడు వెడల్పు కాన్వాసు బెల్టులతో బతికిన మనిషి. "జిగురు రాస్తే ఆ పూటకి నోరు మూసుకుంటుందిరా. దుమ్మంతా దానికే పట్టి, రేపు ఇంకా గట్టిగా అరుస్తుంది. ఎందుకు జారుతోందో చూడు ముందు," అన్నాడు.

చూశాను. ఈ బెల్టుల వీపు మీద ఒక కోడు అచ్చేసి ఉంటుంది. ఉదాహరణకి 6పీకే1780 అని ఉందనుకోండి. ఆరు రిబ్బులు, పీకే అన్నది రిబ్బుల ఆకారం, చివరి నాలుగంకెలు మిల్లీమీటర్లలో పొడవు. పీకే రకంలో రిబ్బుకీ రిబ్బుకీ మధ్య దూరం ఎప్పుడూ 3.56 మిల్లీమీటర్లే. కాబట్టి ఆరు రిబ్బుల బెల్టు వెడల్పు 21 చిల్లర, ఏడు రిబ్బులదైతే దాదాపు 25. ఆ పొడవు కూడా టేపు చుట్టి కొలిచేది కాదు. బెల్టుని రెండు పుల్లీల మీద నిర్ణీత బరువుతో లాగి ఉంచి కొలిచే పొడవు అది. బయటి చుట్టుకొలత అంతకన్నా కాస్త ఎక్కువే వస్తుంది. పాతదాన్ని నేల మీద పరిచి కొలుచుకుపోయి కొత్తది కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మా కారు బెల్టు మీద 6పీకే వరకూ కనపడుతోంది, మిగతాది అరిగిపోయింది. ఆ పొడవొక్కటీ ఎక్కడో దొరికితే పనైపోయేదే. కానీ టార్చి వెలుగులో ఆల్టర్నేటర్ పుల్లీ మీద వేరే సంగతి కనపడింది. పుల్లీకి ఆరు గాడులు అద్దంలా మెరుస్తున్నాయి. వాటి పక్కన, ఇంజను వైపు చివర్న, ఇంకొక గాడి. గోధుమరంగు తుప్పు, మట్టి. దాన్ని ఏళ్ళ తరబడి ఏదీ తాకలేదు.

ఏడు గాడుల పుల్లీ మీద ఆరు రిబ్బుల బెల్టు తిరుగుతోంది.

ఇది పట్టాల మీంచి పడిపోయే తప్పు కాదు. నడుస్తుంది, చాలాకాలం నడుస్తుంది కూడా. ఏడు రిబ్బులు పంచుకోవాల్సిన లాగుడు ఆరే మోస్తాయి కాబట్టి త్వరగా అరుగుతాయి. పైగా ఈ కాలపు బెల్టులు చెప్పకుండా అరుగుతాయి. పాత నియోప్రీన్ బెల్టులైతే పగుళ్ళిచ్చేవి, చూడగానే తెలిసేది. ఇప్పుడు వాడే ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు. టైరు అరిగినట్టు రిబ్బుల పక్కలు సన్నబడి, బెల్టు గాడిలోకి ఇంకొంచెం దిగి, పట్టు తప్పుతుంది. పైకి మాత్రం నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంటుంది.

ఫైల్లో బిల్లు మళ్ళీ తీసి చూశాను. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు అంతకుముందున్న బెల్టు మీద నంబరు చూసి అదే వేశారో, ఏడుది లేక ఆరుది వేశారో. ఆరు వేశారన్నంత వరకు నిజం. నేను కూడా ఆ పాత బెల్టు కోడు పట్టుకుని కొట్టుకి పోయుంటే, కౌంటర్లో మనిషి ఇంకో ఆరు రిబ్బుల బెల్టు చేతిలో పెట్టేవాడు.

తాళపత్రాలు నకలు చేసిన లేఖకులు చివర్లో ఒక మాట రాసుకునేవాళ్ళు: చూసిన ప్రతి ఎలా ఉందో అలాగే రాశాను, తప్పొప్పుల దోషం నాది కాదు అని. నిజాయితీగానే రాసేవాళ్ళు. కానీ ఒకరు జారవిడిచిన అక్షరం తర్వాతి పది ప్రతుల్లోనూ జారిపోయేది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు ఎక్కడెక్కడి ప్రతులో పోగుచేయించి పక్కపక్కన పెట్టి పోల్చుకున్నది అందుకే. ఎక్కడ గణం తప్పితే అక్కడ అనుమానపడాలి. ఛందస్సు లేఖకుడి కన్నా పాతది. కారులో ఆ ఛందస్సు పుల్లీలే. బెల్టులు వస్తుంటాయి, పోతుంటాయి. గాడులు ఫ్యాక్టరీలో ఎన్ని చెక్కారో అన్నే ఉంటాయి. (సమీక్షలు రాసే అలవాటున్నవాణ్ణి బానెట్ కింద వదిలితే ఇంతే, మన్నించాలి.)

కొత్త బెల్టుకి మోడల్ పేరూ సంవత్సరమూ చాలవు. ఒకే ఏడాది కార్లలో ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదన్న దాన్నిబట్టి పుల్లీ సైజు మారొచ్చు, బెల్టు పొడవూ మారొచ్చు. పదిహేడక్షరాల విన్ నంబరు చెప్పి, కంపెనీ డీలర్ విడిభాగాల కౌంటర్లో అసలు పార్ట్ నంబరు రాయించుకున్నాను. దానికి సమానమైన బెల్టు బయట కొట్లో నలభై డాలర్ల లోపు వచ్చింది. ఏడు రిబ్బులు. అక్కడే నిలబడి గోటితో లెక్కపెట్టాను. కౌంటర్లో అబ్బాయి వింతగా చూశాడు.

మా అపార్ట్‌మెంట్ పార్కింగులో బళ్ళు విప్పకూడదని రూలు. శనివారం ప్లేనోలో ఒక స్నేహితుడి గరాజుకి పోయాం. అక్కడ పొద్దున తొమ్మిదంటే తణుకులో రాత్రి ఎనిమిదిన్నర. నాన్న వీడియో కాల్లోకొచ్చాడు.

"బ్యాటరీ తీగ పీకావా?"

"పీకాను నాన్నా."

"తాళంచెవి ఎక్కడుంది?"

"నా జేబులో."

"జేబులో కాదు. ఇంట్లో పెట్టిరా."

నాన్న ఎడమచేతి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ పై కణుపులు లేవు. మిల్లులో బెల్టు జారిపోతే ఇంజను ఆపేవాళ్ళు కారు. ఆపితే మళ్ళీ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, బయట ధాన్యం బళ్ళు ఆగిపోతాయి. తిరుగుతున్న పుల్లీ మీదకే కర్రతో బెల్టు ఎక్కించేవాళ్ళు. ఒక సంక్రాంతి సీజన్లో కర్ర జారింది. ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ కథగా చెప్పుకోలేదు. అన్నం కలుపుతున్నప్పుడు ఆ చెయ్యి కనపడేది, అంతే. నేను తాళంచెవి లోపల డైనింగ్ టేబుల్ మీద పెట్టి వచ్చాను.

కుడివైపు ముందు చక్రం, ప్లాస్టిక్ కవరు తీస్తే దారి దొరుకుతుంది. బెల్టు నడిచే దారి బానెట్ కింద స్టిక్కరు మీద గీసి ఉంటుంది. అయినా తీసే ముందు నాలుగు ఫొటోలు తీసుకున్నాను. టెన్షనర్ అన్నది స్ప్రింగు బిగించిన చెయ్యి. కొట్లో డిపాజిట్ కట్టి తెచ్చుకున్న పొడుగాటి రెంచితో దాన్ని వెనక్కి వంచితే బెల్టు వదులవుతుంది. బెల్టు తీశాక ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. గరగరమంటే దాని బేరింగు పోయినట్టే, కొత్త బెల్టు దాన్ని బాగుచెయ్యదు. మావన్నీ మెత్తగానే తిరిగాయి.

ఎక్కువసేపు పట్టింది ఏడో గాడి దగ్గరే. తుప్పు అలాగే ఉంచి కొత్త రబ్బరు ఎక్కిస్తే ఆకురాయి మీద తిప్పినట్టు అవుతుంది. పాత టూత్‌బ్రష్, సన్నటి ఇత్తడి బ్రష్, గుడ్డ. గాడులున్న పుల్లీలు నాలుగు, నాలుగింటికీ ఒక్కో గాడి. గంటకి పైనే కూర్చున్నాం. నాన్న అంతసేపూ ఫోన్లోనే ఉన్నాడు, మధ్యలో భోంచేశాడు కూడా.

ఎక్కించేటప్పుడు గీతల వైపు గాడులున్న పుల్లీల మీదకి, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీదకి రావాలి. అడుగు నుంచి మొదలుపెట్టి, చెయ్యి బాగా అందే పుల్లీని చివరికి ఉంచుకోవాలి. ఇన్ని వంకరలు ఎందుకో ఇంజనీరింగులో చదివినది అప్పుడు గుర్తొచ్చింది. పుల్లీ చుట్టూ బెల్టు ఎంత మేర చుట్టుకుంటే అంత పట్టు, అదీ ఘాతంలో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, సగం చుట్టుకి రెండు పక్కల లాగుడు నిష్పత్తి 2.6 దాకా ఆగుతుంది. ముప్పావు చుట్టుకి 4 దాటుతుంది. ఆయిలర్ సూత్రం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. నాన్నకి చెబితే, "అందుకేగా మేం రెండు పుల్లీల మధ్య బెల్టుని అడ్డంగా మెలేసి వేసేది, ఎక్కువ చుట్టుకుంటుందని," అన్నాడు. మెలిక వేస్తే అవతలి చక్రం తిరగేసి తిరుగుతుంది. మెలి బెల్టు అందుకేననుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

చివరి పుల్లీ మీదకి బెల్టు ఎక్కించి, టెన్షనర్ నెమ్మదిగా వదిలాను. బాణం గుర్తు రెండు గీతల మధ్యకొచ్చి ఆగింది. తర్వాత ప్రతి పుల్లీ అంచునా వేలు పెట్టి తడిమాను. ఒక రిబ్బు గాడి బయట ఉండిపోవడం ఈ పనిలో అందరికీ జరిగేదే, కొత్త బెల్టు నిమిషాల్లో చీలిపోతుంది. క్రాంక్ బోల్టుకి రెంచి పెట్టి ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ తడిమాను. అప్పుడు నాన్న "ఊఁ, తెచ్చుకో" అన్నాడు, తాళంచెవిని.

విజయవాడ అన్నకి ఫొటోలు పంపాలా వద్దా అని వారం ఆలోచించాను. ఆయన ఫైలు పంచింగ్ చేసి మరీ ఇచ్చిన మనిషి. పంపాను. కాసేపటికి కాల్ చేశాడు. "అయితే నాలుగేళ్ళు మా పిల్లల్ని దాంట్లోనే స్కూలుకి తిప్పాను తమ్ముడూ," అని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత డెలివరీ ఎప్పుడని అడిగాడు.

బానెట్ లోపల స్టిక్కరు పక్కన తెల్ల టేపు అంటించి, మార్కరుతో తేదీ, మైళ్ళు, పార్ట్ నంబరు రాశాను. కింద పెద్దక్షరాలతో, ఏడు రిబ్బులు అని. ఇంగ్లీషులోనే, తర్వాత కొనేదెవరో మరి. సోమవారం అర్ధరాత్రి దాటాక తను ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "ఎడం వైపరు కిర్రుమంటోంది, ఇన్నాళ్ళూ వినపడలేదు," అంది.