జిరాక్స్ మీద దిద్దిన తప్పు

ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రాత్రి. మా హాస్టల్ అవుట్‌పాస్ యాప్ తెరిస్తే అందరి పేర్లూ వస్తున్నాయి, రోల్ నంబర్లూ రూమ్ నంబర్లూ మాత్రం ఖాళీ. సాయంత్రం దాకా బాగానే ఉంది. మధ్యలో కోడ్ ముట్టుకుంది నా రూమ్మేట్ ఒక్కడే. ఇంకేముంది, గ్రూప్‌లో అందరి ముందూ "ఏం కెలికావ్ రా?" అని పెట్టేశాను. "ఫోన్ నంబర్ ఫీల్డ్ ఒకటి కలిపి మళ్లీ జెనరేట్ చేశా, అంతే" అన్నాడు. నేను నమ్మలేదు.

మా బ్యాకెండ్ గో లాంగ్వేజ్‌లో ఉంది. డేటా ఎలా ఉండాలో ఒక ప్రోటో ఫైల్‌లో రాసుకుంటాం. దాన్నిబట్టి ప్రోటోక్ అనే టూల్ గో స్ట్రక్ట్‌లని తనే రాసిపెడుతుంది. జేసన్ ట్యాగ్‌లు కూడా అదే తగిలిస్తుంది గానీ, మాంగోడీబీ డ్రైవర్ చూసేది బీసన్ ట్యాగ్‌ని. అది లేకపోతే ఫీల్డ్ పేరుని మొత్తం చిన్న అక్షరాల్లోకి మార్చి వెతుక్కుంటుంది. 'నేమ్' ఒకటే మాట కాబట్టి దొరికింది. 'రోల్‌నంబర్' అని కలిపి వెతికితే, డేటాబేస్‌లో ఉన్నదేమో 'రోల్_నంబర్'.

మరి అప్పటిదాకా ఎలా పనిచేసింది? రెండు వారాల క్రితం ఆ బీసన్ ట్యాగ్‌లని జెనరేటైన ఫైల్‌లోనే చేత్తో రాసింది నేనే. ఎవరికీ చెప్పలేదు. దీన్ని ఎడిట్ చేయొద్దని ఆ ఫైల్ మొదట్లోనే రాసి ఉంటుంది. చదివాను కూడా. నాలుగు ట్యాగ్‌లేగా అనుకున్నా. వాడు మళ్లీ జెనరేట్ చేయగానే అవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ల్యాబ్ రికార్డ్ జిరాక్స్ మీద తప్పు దిద్ది ఒరిజినల్‌ని అలాగే వదిలేస్తే, తర్వాత తీసే కాపీలో మళ్లీ పాత తప్పే వస్తుంది. అది కాపీ తీసినవాడి తప్పా?

దారి ఉంది. ప్రోటో ఫైల్‌లోనే ఫీల్డ్ పైన 'గోట్యాగ్స్' అని కామెంట్‌లో కావాల్సిన ట్యాగ్ రాస్తే, ప్రోటోక్-గో-ఇంజెక్ట్-ట్యాగ్ అనే టూల్ దాన్ని జెనరేటైన స్ట్రక్ట్‌లోకి చేరుస్తుంది. ప్రోటోక్ తర్వాత అదీ నడిచేలా మేక్‌ఫైల్‌లో ఒక లైన్ కలిపాను. ఇక ఎవరు ఎన్నిసార్లు జెనరేట్ చేసినా ట్యాగ్‌లు వచ్చేస్తాయి.

కోడ్ సరిచేయడానికి అరగంట పట్టింది. "తప్పు నాది రా, సారీ" అని టైప్ చేయడానికి ఇంకా ఎక్కువే పట్టింది. పక్క మంచం మీదే ఉన్నాడుగా, మెల్లగా చెప్పేస్తే సరిపోతుందేమో అనిపించింది. కానీ నేను మాట అన్నది గ్రూప్‌లో. చాటుగా సారీ చెప్తే అదీ జిరాక్స్ మీద దిద్దినట్టే.

గ్రూప్‌లోనే పెట్టాను.