పది కిలోల లెక్క

రైల్వేలో క్రీడల కోటా కింద ఉద్యోగానికి వయోపరిమితి 25 ఏళ్లు. సడలింపు లేదు. ఖరగ్‌పూర్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఇప్పుడు 23. కబడ్డీ ఆడతాడు, కూతకు వెళ్లడంలో దిట్ట. బరువు 68 కిలోలు. ఈమధ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు వాడు నాకు రెండు చూపించాడు. ఒకటి, జిమ్‌లో కొన్న ప్రొటీన్ పొడి డబ్బా. రెండోది, ఫోన్‌లో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ వీడియోలు. ఎద్దుల్లాంటి మనుషులు బంతిని చంకన పెట్టుకుని, ముగ్గురు నలుగురు మీద పడి వేలాడుతున్నా ఈడ్చుకుంటూ ముందుకు పోతున్నారు. ‘‘ఇలాంటి ఒళ్లు కావాలన్నయ్యా. ఒళ్లుంటేనే పట్టు విడిపించుకోగలను. మూడు నెలల్లో పది కిలోలు పెంచుతాను’’ అన్నాడు.

గతంలో ఒకసారి ట్రయల్స్‌కు వెళ్తే ఎవరో పెద్దమనిషి ‘ఆట ఉంది, ఒళ్లు లేదు’ అని పెదవి విరిచాడట. ఆ మాట వీడి చెవుల్లో దిగబడిపోయింది. కోటా ఎంపికలో ట్రయల్స్‌కు 40 మార్కులు, ఇంతవరకూ సాధించిన విజయాలకు 50, చదువుకు 10. పాత పతకాలను ఇప్పుడు మార్చలేడు, డిగ్రీనీ మార్చలేడు. చేతిలో ఉన్నది ఆ 40 మార్కులే. అందుకని ఒంటిని మార్చుకుందామనుకున్నాడు.

ఖరగ్‌పూర్ గురించి తెలియనివారికి ఈ ఆరాటం అతిగా కనిపించవచ్చు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. మథురాకాటీ, నీంపురా వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, సగం హిందీ, పావు బెంగాలీ కలిసిన తెలుగు. తాతకు, తండ్రికి రైల్వే ఉద్యోగం దొరికింది. మనవడికి పోటీ పరీక్ష మిగిలింది. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసింది ఈ స్టేషన్‌లోనే. ఇక్కడి కుర్రాళ్లు ఆ ఉద్యోగాన్ని వదిలేసిన ధోనీ గురించి చెప్పుకుంటారు. వాళ్ల తండ్రులు ఆట వల్ల ఆ ఉద్యోగం సంపాదించిన ధోనీ గురించి చెబుతారు.

నేను చదివింది రాజనీతి శాస్త్రం, వ్యాయామ శాస్త్రం కాదు. అయితే వాడు చూపించిన రగ్బీ లీగ్ పుట్టుక మాత్రం నా సబ్జెక్టుకు దగ్గరదే. రగ్బీ అంటే కోల్‌కతాకు కొత్తేమీ కాదు. 1870లలో అక్కడి తెల్లదొరలు క్లబ్బు పెట్టుకుని, అది నడవక మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఆడేది ఆ ‘కలకత్తా కప్’ కోసమే. అది దొరల రగ్బీ. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేవాళ్లు గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలికి పరిహారంగా ఆరు షిల్లింగులు ఇస్తామని అక్కడి క్లబ్బులంటే, పెద్ద సంఘం ఒప్పుకోలేదు. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై వేరుకుంపటి పెట్టుకున్నారు. రగ్బీ లీగ్ అలా మొదలైంది. పొట్టకూటికీ ఆటకూ మధ్య తగవు తేలక పుట్టిన ఆటను రైల్వే క్వార్టర్లో కూర్చుని మా తమ్ముడు చూస్తున్నాడంటే నాకు ఆసక్తి కలగడంలో వింతేముంది?

ఆ ఆటగాళ్ల ఒళ్లు ఊరికే అలా తయారుకాలేదు. ఆట నియమాలే వాటిని చెక్కాయి. 1906లో జట్టును 15 మంది నుంచి 13కు తగ్గించారు. మైదానం అంతే, మనుషులు తక్కువ. అంటే ఒక్కొక్కరూ ఎక్కువ పరుగెత్తాలి. బంతి చేతిలో ఉన్న జట్టును ఆరుసార్లు పడగొట్టేలోగా పాయింట్లు రాకపోతే బంతి అవతలి వాళ్లకు పోతుంది. పడగొట్టిన ప్రతిసారీ రక్షణ జట్టు పది మీటర్లు వెనక్కి పరుగెత్తి మళ్లీ ముందుకు రావాలి. ఇది 80 నిమిషాలు. అందుకే వట్టి బరువు అక్కడ పనికిరాదు. ఆస్ట్రేలియా లీగ్‌లో ఒక మ్యాచ్‌లో ఆటగాళ్లను మార్చుకునే అవకాశాలను 2016లో పది నుంచి ఎనిమిదికి తగ్గించారు. భారీకాయులు అలసిపోతే చిన్న ఒళ్లు, చురుకైన కాళ్లు ఉన్నవాళ్లకు సందు దొరుకుతుందన్నది అందుకు చెప్పిన వాదన. నియమం ఒక్క గీత జరిగితే, ఎలాంటి మనిషి కావాలన్న లెక్కే మారిపోతుంది.

లెక్క అంటే నిజంగా లెక్కే. 90 కిలోల ఆటగాడు సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తే అతని ఊపు 720. వంద కిలోలకు పెరిగి వేగం 7.2కు పడిపోయినా ఊపు 720యే. పది కిలోలు మోసి సంపాదించింది సున్నా. పైగా మలుపు తిరగడం, ఆగడం, మళ్లీ లేవడం కష్టమవుతుంది. వేగం తగ్గకుండా పెరిగిన బరువే బలం. మిగతాది సామాను.

చెడుగుడులో లెక్క ఇంకా కఠినం. పురుషుల కోర్టులో ఒక సగం లోతు ఆరున్నర మీటర్లే. అక్కడ పూర్తి వేగం అందుకునే చోటే ఉండదు. మొదటి రెండడుగులు, ఒక్కసారిగా ఆగడం, వెనక్కి తిరగడం, ఇవే ఆట. బరువు 85 కిలోలు దాటకూడదన్న నిబంధన కూడా ఉంది. రగ్బీకి అలాంటి హద్దు లేదు. రగ్బీలో గుద్దుకుని ముందుకు పోవాలి, ఇక్కడ తాకి వెనక్కి రావాలి. మా వాడు తనది కాని ఆటలోని ఒంటిని చూసి మోజుపడ్డాడని నాకనిపించింది. పట్టు విడిపించుకోవడానికి బలం అవసరమన్న మాట మాత్రం నిజమే. అందులో వాడితో నాకు పేచీ లేదు.

ఈ సంగతి నాకన్నా బాగా చెప్పింది బాబాయి. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ‘‘వ్యాగన్‌లో లోడు పెంచితే సరిపోతుందేంట్రా? ఇంజన్ లాగాలి, బ్రేకు ఆపాలి. ఆ బ్రేకు నీ మోకాలే’’ అన్నారు. మోకాలి మాట ఎత్తగానే వాడు మౌనంగా ఉండిపోయాడు. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొంటే, తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. మరుసటి ఏడాది తెలుగు టైటాన్స్ అతణ్ని ఇంకా ఎక్కువకే కొన్నది. పవన్‌కు ఆ రెండో ఏడాది దొరికింది. మా వాడికి వయోపరిమితి దాటే లోపు ఉన్నవే రెండేళ్లు.

అసలు చిక్కు వేరే ఉంది. అది డబ్బాలోనూ లేదు, వీడియోల్లోనూ లేదు. బాబాయి కొడుక్కి రెండో దారి కూడా సిద్ధం చేశారు, పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం. దానికి 1600 మీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అందుకని తెల్లవారుజామున లేచి రోజూ ఎనిమిది కిలోమీటర్లు పరుగు. సాయంత్రం జిమ్‌లో బరువులు, ఆపైన కబడ్డీ. 1980లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు ఇలాగే బరువులు, దీర్ఘకాలిక పరుగు, సైక్లింగ్ కలిపి పది వారాలు చేయించి చూశాడు. మొదటి ఏడు వారాలు బలం పెరిగింది. తర్వాత నిలిచిపోయి చివర్లో తగ్గింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం మాత్రం పెరుగుతూ పోయింది. సుదీర్ఘ పరుగుకు కావలసిన ఒళ్లు ఒకటి, ఒక్క ఉదుటున దూకే ఒళ్లు ఇంకొకటి. రెండూ కొంతవరకు కలిసి నడుస్తాయి, ఆ తర్వాత ఒకదాని కూడు ఒకటి తింటుంది. ఆస్ట్రేలియా క్లబ్బులో అయితే దీనికి ఒక శిక్షకుడు, ఒక ఆహార నిపుణుడు, జీతం ఉంటాయి. ఖరగ్‌పూర్‌లో ఒకే ఒళ్లు రెండు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకుంది.

ఇక తిండి. కండ పెరగాలంటే కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. మా వాడికి దాదాపు 110 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. పిన్ని ఈ లెక్క విని, ‘‘అయితే రోజుకు పద్దెనిమిది గుడ్లా?’’ అని నోరు వెళ్లబెట్టింది. పప్పు, చేప, పాలు, శనగలు కలిపితే అంత అక్కర్లేదని చెప్పాను. ఆ డబ్బా ఖరీదుతో నెలంతా చేపలు వస్తాయని ఆవిడే లెక్క తేల్చింది.

చివరికి వాడే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. నెలకు కిలో చొప్పున, మొత్తం నాలుగు కిలోలు చాలు. బరువులు వారానికి మూడు రోజులు, తక్కువసార్లు, ఎక్కువ బరువు. మిగతా రోజుల్లో పది, ఇరవై మీటర్ల పరుగులు, ఆగడం, తిరగడం. తెల్లవారుజాము ఎనిమిది కిలోమీటర్లు ఆపేసి, వారానికోసారి 1600 మీటర్లు గడియారం పెట్టుకుని పరుగెత్తడం. డబ్బా ఇంకా సగం ఉంది, పారేయడానికి మనసొప్పలేదు.

నెలన్నర గడిచింది. బరువు 69న్నర. ఇరవై మీటర్ల పరుగు సమయం పెరగలేదని, కుడివైపు పట్టును రెండుసార్లు విడిపించుకున్నానని ఫోన్‌లో చెప్పాడు. 1600 మీటర్లు మాత్రం 6 నిమిషాల 41 సెకన్లకు జారింది. పదకొండు సెకన్లు ఎక్కువ. ఈ సంగతి బాబాయికి ఇంకా తెలియదు. ఆయన ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి, పేపరువాడికి ముందే తెలుస్తుందన్న నమ్మకంతో, పోలీసు పరీక్ష నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.