పరుగు ఆగలేదు, కాఫిలా ముందుకు సాగింది

ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందిన మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలలో నేడు ఔటర్ రింగు రోడ్డుకు ఇరువైపులా విల్లాల సముదాయాలు వెలుస్తున్నాయి. వాటిలో కొన్నింటి ప్రహరీ లోపల నీలి రంగో ఆకుపచ్చ రంగో పూసిన గట్టి నేల, దాని మధ్య కట్టిన వల కనిపిస్తాయి. అది టెన్నిస్ కోర్టు. రాజీవ్ రహదారి మీద హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల మూడు దశాబ్దాలుగా నడుస్తోంది. ఆటలు మన గుమ్మం దాకా వచ్చాయి. ఆటలతో పాటు ప్రశ్నలు కూడా వచ్చాయి.

మదర్సాలో బోధించే మా వద్దకు తల్లిదండ్రులు తెచ్చే ప్రశ్నలలో ఇది తరచుగా వినబడుతోంది: "మౌలానా సాబ్! అమ్మాయి టీవీలో టెన్నిస్ చూసి రాకెట్ కొనిపెట్టమని అడుగుతోంది. కాదంటే మనసు చిన్నబుచ్చుకుంటోంది. సరేనంటే నలుగురూ ఏమంటారోనని భయం. షరీఅత్ ఏమంటుంది?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో అవుననీ కాదనీ చెప్పి పంపడం సులభమే. కానీ ఆ ప్రశ్న వెనుక ఒక ఆడపిల్ల ఆరోగ్యమూ, ధర్మం పట్ల ఆమె మనసులో నిలిచిపోయే అభిప్రాయమూ ఉన్నాయి. కాబట్టి కాస్త నిదానంగా ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ముందుగా ఆ ఆట సంగతి చూద్దాం. హార్డ్ కోర్టు అంటే తారు లేదా కాంక్రీటు పునాది మీద ఇసుక కలిపిన అక్రిలిక్ రంగును పొరలు పొరలుగా పూసి తయారుచేసిన నేల. ప్రపంచంలో అత్యున్నతమైనవిగా పేరొందిన నాలుగు టెన్నిస్ పోటీలలో రెండు ఇటువంటి నేల మీదనే జరుగుతాయి. అమెరికా పోటీ 1978 నుండి, ఆస్ట్రేలియా పోటీ 1988 నుండి ఈ నేలకు మారాయి. ఇక్కడ బంతి నిలకడగా లేస్తుంది, కానీ నేల మెత్తదనం తక్కువ కనుక ఆ దెబ్బ మోకాళ్ల మీద, చీలమండల మీద పడుతుంది. ఒక పాయింటుకూ మరో పాయింటుకూ నడుమ దొరికే విరామం 25 సెకన్లు మాత్రమే. పురుషులకూ స్త్రీలకూ ఒకే ప్రాంగణంలో, ఒకే వారాలలో పోటీలు జరుగుతాయి. 1973లో అమెరికా పోటీ ఇరువురికీ సమాన బహుమతి ధనం ఇవ్వడం ప్రారంభించింది. 2007 నాటికి మిగిలిన పెద్ద పోటీలన్నీ ఆ దారికి వచ్చాయి. పురుషుడైనా స్త్రీ అయినా, పాటుపడిన వారి శ్రమను తాను వృథా కానివ్వనని అల్లాహ్ ఆలి ఇమ్రాన్ సూరాలో చేసిన వాగ్దానం పద్నాలుగు శతాబ్దాల నాటిది. అది పరలోక ప్రతిఫలానికి సంబంధించిన మాట, ఇది ప్రాపంచిక బహుమతి. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము. అయినా శ్రమకు స్త్రీ పురుష భేదం లేదన్న మాట మన ఇంటికి కొత్తది కాదని గుర్తు చేసుకోవడంలో తప్పు లేదు.

మన హైదరాబాదుకు ఈ ఆటతో ఉన్న అనుబంధం పాతదే. ఇక్కడే పుట్టిన సయ్యద్ ముహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు. అనేక క్రీడలలో ఆరితేరినందువల్ల ఆయనను ఇంద్రధనుస్సుతో పోల్చి 'రెయిన్‌బో హాదీ' అని పిలిచేవారు. అయితే నేటి పిల్లలకు తెలిసిన పేరు సానియా మీర్జా. ఆరేళ్ల వయసులో, ఈ నగరంలో పేడతో అలికిన కోర్టుల మీద ఆట మొదలుపెట్టిన ఆమె, 2005 ఫిబ్రవరిలో నగరంలోని హార్డ్ కోర్టు మీద జరిగిన హైదరాబాద్ ఓపెన్‌ను గెలిచారు. అప్పటికి ఆమె వయసు 18 ఏళ్లు. డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. 2015లో జంటల ఆటలో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరారు. మణికట్టుకూ మోకాళ్లకూ శస్త్రచికిత్సలు చేయించుకుని మళ్లీ కోర్టులోకి వచ్చారు.

ఆ 2005లోనే ఆమె దుస్తుల మీద దేశమంతటా వాదోపవాదాలు చెలరేగిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. సతర్ విషయంలో షరీఅత్ ఆదేశం స్పష్టమైనది. ఒకరి విజయాన్ని బట్టి అది మారదు. దానిని సడలించే అధికారం మాకు గానీ మరెవరికి గానీ లేదు. ఒక వ్యక్తి అంతరంగాన్ని విచారించే అధికారం కూడా మాకు లేదు, ఆ లెక్క అల్లాహ్ వద్ద ఉంది. మమ్మల్ని ఆలోచింపజేసే విషయం వేరు. అంత సుదీర్ఘమైన ఆ చర్చలో ఒక్క ఆటగత్తె దుస్తుల గురించి లెక్కలేనన్ని మాటలు వినిపించాయి. మన మహల్లాలలోని వేలాది ఆడపిల్లలు ఎక్కడ పరుగెత్తాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినబడలేదు.

హదీసు పాఠాలలో మేము ప్రతిసారీ కొంతసేపు ఆగి చెప్పే ఒక సంఘటన ఉంది. అబూదావూద్, ముస్నద్ అహ్మద్ గ్రంథాలలో అది నమోదై ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో ఉన్నారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) వెంట ఉన్నారు. అప్పుడామె సన్నగా, చురుకుగా ఉండేవారు. ప్రవక్త (స) ఆమెతో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. చాలా కాలం గడిచాక, ఆమె శరీరం కాస్త బరువెక్కిన తరువాత, మరో ప్రయాణంలో మళ్లీ పందెం జరిగింది. ఈసారి ప్రవక్త (స) గెలిచి, ఇది ఆనాటి దానికి బదులు అని నవ్వుతూ అన్నారు. ఈ కథ చాలామంది విన్నదే. దాంపత్యంలో సరసానికీ, మృదుత్వానికీ ఉదాహరణగా దీనిని చెప్పుకుంటాము. అది నిజమే.

కానీ ముస్నద్ అహ్మద్ ఉల్లేఖనంలో మరో చిన్న వివరం ఉంది. పందేనికి ముందు ప్రవక్త (స) తన సహచరులను ముందుకు సాగిపొమ్మని ఆదేశించారు. వారు వెళ్లిన తరువాతే పరుగు మొదలైంది. ఈ చిన్న వివరంలో ఒక సంపూర్ణమైన బోధన ఇమిడి ఉంది. పరాయి పురుషుల చూపు అనే ఆటంకం అక్కడ ఉంది. ఆ ఆటంకం తొలగాలంటే రెండు మార్గాలు: ఒకటి, పరుగు మానుకోవడం. రెండు, ఆ చూపును దూరం పంపడం. ప్రవక్త (స) రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు. పురుషుల కాఫిలా కదిలింది, ఒక స్త్రీ పరుగు ఆగలేదు. హయా భద్రంగా నిలిచింది, ఆనందమూ మిగిలింది.

మన మహల్లాలలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. అస్ర్ నమాజు తరువాత మగపిల్లలు ఖాళీ ప్లాట్లలో క్రికెట్ ఆడుతుంటారు. అదే వయసు ఆడపిల్లలు మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ, పిట్టగోడ మీదుగా ఆ ఆటను చూస్తుంటారు. పన్నెండేళ్లు నిండగానే వారి పరుగు ముగిసిపోతుంది. ఇంటి పని సరిపోదా అని కొందరు పెద్దలు అడుగుతారు. కడవలు మోసి, తిరగలి తిప్పి, రోట్లో దంచిన అమ్మమ్మల కాలానికి ఆ మాట చెల్లింది. బోరు, మిక్సీ, లిఫ్టు వచ్చిన ఇంట్లో అది చెల్లదు. ఎదిగే పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాల శరీర శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ప్రపంచంలో 11 నుండి 17 ఏళ్ల మగపిల్లలలో 78 శాతం మందికి, ఆడపిల్లలలో 85 శాతం మందికి ఆ శ్రమ లభించడం లేదు. బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడనీ, శరీరానికి మన మీద హక్కు ఉందనీ ప్రవక్త (స) బోధించారు. ఈ బోధనలు మగపిల్లలకు మాత్రమే పరిమితమని ఏ ఇమామూ చెప్పలేదు. రేపు తల్లులు కావలసినవారి ఎముకలూ గుండే కూడా మన చేతిలోని అమానతే.

అయితే మార్గమేమిటి? లెక్క చెప్పుకుందాం. టెన్నిస్ కోర్టు గీతల పొడవు 78 అడుగులు, జంటల ఆటకు వెడల్పు 36 అడుగులు. చుట్టూ వదలవలసిన జాగాతో కలిపి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. అంటే 800 గజాలు. మేడ్చల్‌లో నేటి భూముల ధరలు తెలిసినవారికి, అంత స్థలం ఏ మస్జిద్ కమిటీకీ అందదని వేరే చెప్పనక్కరలేదు. కానీ షటిల్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అది నూరు గజాల లోపే. చుట్టూ కొంత జాగా వదిలినా, ఎత్తైన గోడలున్న ఫంక్షన్ హాలు ఆవరణలో సునాయాసంగా ఇముడుతుంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో పగటి పూట ఆ హాళ్లు తాళాలు వేసి ఉంటాయి. వలీమాలకు లక్షలు వెచ్చించే మనం, వారానికి రెండు మూడు రోజులు, రెండేసి గంటలు ఆ ఆవరణను ఆడపిల్లల కోసం అడిగి తీసుకోలేమా? గేటు దగ్గర తల్లులు ఉంటారు. ఫోన్లు గేటు వద్దనే ఉంచాలి, లోపల ఒక్క ఫొటో కూడా తీయరాదు. నేర్పేది స్త్రీయే అయి ఉండాలి. మగ్రిబ్ అజాన్‌కు ముందే ఆట ముగియాలి. కాఫిలాను ముందుకు పంపడం అంటే నేటి కాలంలో ఇదే.

ఇక వృత్తిగా పోటీలలోకి వెళ్లాలనుకునే పిల్లల విషయం వేరు. మహ్రమ్ లేని దూర ప్రయాణాలు, ఎన్ని గంటలు సాగుతుందో ముందుగా తెలియని మ్యాచుల నడుమ నమాజు వేళలు, వేలాది కళ్ల ముందు నిలబడడం, కెమెరాలు: ఇవన్నీ ఒక్కొక్కటిగా తూచి చూడవలసిన విషయాలు. దుస్తుల నిబంధనలు మాత్రం కొంత మారాయి. మహిళా టెన్నిస్‌లో లంగా లేకుండా కాళ్లను కప్పే లెగ్గింగులు ధరించి ఆడవచ్చని 2019 నుండి నియమావళి స్పష్టం చేసింది. ఫుట్‌బాల్ 2014లో, బాస్కెట్‌బాల్ 2017లో తల కప్పుకుని ఆడేందుకు అనుమతించాయి. తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి, కానీ అన్ని షరతులూ తీరలేదు. అటువంటి కుటుంబాలు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను కలిసి, తమ పరిస్థితిని పూర్తిగా వివరించి సలహా తీసుకోవాలి. నూటికి ఒక్కరికి ఎదురయ్యే ఆ సమస్యను చూపి మిగిలిన తొంభై తొమ్మిది మందిని మేడ మీదే నిలబెట్టడం న్యాయం కాదు.

కాబట్టి మస్జిద్ కమిటీల బాధ్యులకూ, మహల్లా పెద్దలకూ మా విన్నపం ఒక్కటే. ఆడపిల్ల ఆడుకుంటానని అడిగినప్పుడు 'వద్దు' అనే ముందు, ఆమె కోసం ఏ స్థలాన్ని ఏర్పాటు చేశామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. స్థలం చూపకుండా చెప్పే 'వద్దు'ను ఆమె ధర్మం చెప్పిన మాటగా మనసులో పెట్టుకుంటుంది. ప్రవక్త (స) సున్నత్ ఆమెకు హయానూ ఇచ్చింది, పరుగునూ ఇచ్చింది. ఆ రెండింటినీ ఆమెకు అందించే సద్బుద్ధినీ శక్తినీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.