మా మాటకూ ఓ వీరతాడు!

పాత సినిమాల్ని మెచ్చుకోవడం చాలా తేలిక. 'ఆ రోజులే వేరండీ' అంటే చాలు, పక్కనున్నవాళ్లు తలూపేస్తారు. నాకూ ఆ సినిమాలంటే ప్రాణమే. కానీ నేను వాటిని చూసింది థియేటర్లో కాదు. చేవెళ్ల, మొయినాబాద్‌ల మధ్య, మర్రిచెట్ల రోడ్డుకు దగ్గర్లోని మా ఊళ్లో, నానమ్మ పక్కన చాప మీద కూర్చుని. ఇంట్లో చూసిన సినిమా ఇంటిమనిషి లాంటిది. ఇష్టపడతాం, సందర్భం వస్తే నిలదీస్తాం కూడా!

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా ఇంటికి టీవీ వచ్చేసరికి తొంభైలు వచ్చేశాయి. గాలి కాస్త గట్టిగా వీస్తే బొమ్మ పోయేది. ఒకరు మిద్దెక్కి యాంటెన్నా తిప్పేవారు, ఇంకొకరు కింద నుంచి 'వచ్చింది... వచ్చింది... అగో పాయె!' అని కేక పెట్టేవారు. తర్వాత కేబుల్ వచ్చింది. 1995లో మొదలైన ఈటీవీ, జెమిని పుణ్యమా అని పాత సినిమాలకు కొదవ లేకుండా పోయింది.

నానమ్మకు చదువు రాదు. కానీ ఆమె చెప్పే వ్యాఖ్యానం ముందు ఏ సమీక్షా నిలవదు. 'గుండమ్మ కథ' (1962) వస్తుంటే సూర్యకాంతాన్ని అందరూ తిట్టుకునేవారు. నానమ్మ మాత్రం 'ఆమె నోరు గట్లున్నది గని, కడుపుల కుళ్లు లేదు' అని తీర్పు చెప్పేది. ఇన్నేళ్లకు మళ్లీ చూస్తే ఆ మాటే నిజమనిపిస్తుంది. ఆ సినిమాలో అసలు దుర్మార్గం ఘంటయ్యది. గుండమ్మది భయం. మగదిక్కు లేని ఇంటిని గయ్యాళితనంతో కాపాడుకోవాలనుకున్న ఆడదాని భయం.

'మిస్సమ్మ' (1955) కూడా అంతే. దాన్ని ప్రేమకథ అంటారు. నాకు మాత్రం అది నిరుద్యోగం కథ. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడాల్సి వచ్చిన ఇద్దరు చదువుకున్నవాళ్ల అవస్థ. అందుకే అది ఇప్పటికీ పాతబడలేదు.

'మాయాబజార్' (1957) సంగతి సరేసరి. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులే కనిపించరు. అయినా ఆ లోటు తెలియదు. 2010లో దానికి రంగులద్దారు. బాగానే ఉంది గానీ, నా ఓటు నలుపు తెలుపులకే. మార్కస్ బార్‌ట్లే వెన్నెలకు ఇంకో రంగెందుకు? ఘటోత్కచుడు పెళ్లివంటలన్నీ ఖాళీ చేసే ఘట్టంలో నానమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, 'పెండ్లోళ్లు వచ్చేలోపల మొత్తం ఊడ్సిండు!' అని నవ్వేది.

ఇక్కడిదాకా అంతా ముచ్చటే. ఇబ్బంది వేరే చోట ఉంది.

పట్నం నుంచి చుట్టాలొస్తే అమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పేది: 'మంచిగ మాట్లాడుండ్రి, టీవీల లెక్క.' టీవీలో లెక్క అంటే వార్తలు చదివేవాళ్ల లెక్క, సీరియళ్లలో అమ్మాయిల లెక్క. చుట్టాలున్నంతసేపూ నానమ్మ ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఎందుకంటే 'నవ్వుతరు బిడ్డా' అనేది. ఇంటినిండా మాటలతో ఉండే మనిషి సొంతింట్లో మూగదైపోయేది.

అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. తెర మీద మా యాస వినిపించిందంటే రెండే అర్థాలు... ఓ రౌడీ అయినా వస్తున్నాడు, ఓ నవ్వు అయినా రాబోతోంది. హీరో మాట్లాడడు, హీరో తల్లి అసలే మాట్లాడదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇందులో విజయావారి తప్పేం లేదు. 'మిస్సమ్మ' వచ్చేనాటికి మా చేవెళ్ల ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. మద్రాసులో కూర్చుని సినిమా తీసినవాళ్లు తమకు తెలిసిన తెలుగులో తీశారు. నా పేచీ ఆ తర్వాతి దశాబ్దాలతో. ఒకే రాష్ట్రమయ్యాక, సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు తరలివచ్చాక, అరగంట దూరంలో ఉన్న మాట కూడా వినిపించలేదా?

అసలెవరూ వినలేదనీ కాదు. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన 'మాభూమి'లో ఆ మాట కథానాయకుడి నోట పలికింది. బి.నర్సింగరావు 'దాసి'కి అర్చన 1988 సంవత్సరానికి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు అందుకుంది. కానీ అలాంటివి అవార్డు సినిమాల కింద జమ. మా ఇళ్లలో పదేపదే తిరిగినవి మాత్రం వేరే సినిమాలు.

విచిత్రమేమిటంటే, దీనికి సమాధానం 'మాయాబజార్'లోనే ఉంది. 'తసమదీయులు' అని ఓ శిష్యుడు లేని మాట పలికితే పక్కవాళ్లు తప్పు పడతారు. ఘటోత్కచుడు మాత్రం కోప్పడడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెక్కడి నుంచి వస్తాయన్న ధోరణిలో మెచ్చుకుని, వీరతాడు వేయిస్తాడు! పింగళి నాగేంద్రరావు పుట్టించిన మాటలకే అంత మర్యాద దక్కినప్పుడు, తరతరాలుగా జనం నోట్లో నలిగిన మాటలకు దక్కొద్దూ?

కాలం కొంత మారింది. 2017లో 'ఫిదా' కథానాయిక బాన్సువాడ మాటతోనే అందరి మనసూ గెలిచింది. 2023లో 'బలగం' ఓ చావింటిని ఉన్నదున్నట్టు చూపించింది. నిజానికి ఆ సిరిసిల్ల వైపు యాసా, మా చేవెళ్ల యాసా ఒక్కటి కావు. అయినా మా ఇంట్లో అందరికీ అది సొంతింటి గొడవలాగే తోచింది.

దాంతో పాత సినిమాల్ని పక్కన పెట్టేశామా అంటే, లేదు. ఆదివారం 'గుండమ్మ కథ' వస్తే ఇప్పటికీ రిమోట్ ఎవరూ ముట్టుకోరు. కాకపోతే నానమ్మ తీర్పులన్నీ ఇప్పుడు అమ్మ చెబుతోంది, పట్నం చుట్టాల ముందు కూడా. నానమ్మ ఈ మార్పు చూడకుండానే వెళ్లిపోయింది, అదొక్కటే లోటు.

'బలగం' అయిపోయాక ఆటపట్టిద్దామని, 'ఏమ్మా, ఇగ టీవీల లెక్క మాట్లాడాల్నా?' అన్నాను.

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే జవాబిచ్చింది. 'ఇప్పుడు టీవీయే మన లెక్క మాట్లాడవట్టె గద!'